బోస్ రోడ్డు మేడమీద మా లైనక్స్ గది

మా నాన్నది బదిలీల ఉద్యోగం. ఊరు మారినప్పుడల్లా బడి మారితే నా చదువు అటకెక్కుతుందని భయపడి, ఆరో తరగతిలో నన్ను తెనాలిలో అమ్మమ్మ దగ్గర చేర్చారు. ఇంటర్ పూర్తయ్యేదాకా అక్కడే ఉన్నాను. నాకు బుద్ధి తెలిసిన ఊరు తెనాలే. కృష్ణ కాలువలు మూడు ఊరి మధ్యనుంచి పారుతుంటాయి. ఆంధ్రా ప్యారిస్ అని పెద్దవాళ్లు మురిసిపోతూ చెప్పుకునేవాళ్లు. నాటకానికీ అచ్చుపనికీ పేరున్న ఊరు. చందమామను నడిపించిన చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరూ తెనాలి వాళ్లే. ఆ మాట చెప్పేటప్పుడు మా తాతయ్య గొంతులో, వాళ్ల పుస్తకాలన్నీ తన ప్రెస్సులోనే అచ్చయినంత గర్వం పలికేది.

తాతయ్యకు బోస్ రోడ్డులో చిన్న ప్రెస్సు ఉండేది. కింది గదిలో కాలితో తొక్కే ట్రెడిల్, గోడవారన సీసం అక్షరాల కేసులు, సిరా వాసన, కిరసనాయిలు వాసన. నేను వెళ్లేనాటికి ఆ యంత్రం మీద బిల్లు పుస్తకాలూ, రసీదులూ, సంతాప పత్రికలూ తప్ప పెద్ద పనులేవీ నడవడం లేదు. శుభలేఖలూ, కరపత్రాలూ, బడుల ప్రశ్నపత్రాలూ మేడమీదికి ఎక్కేశాయి. అక్కడ మామయ్య కంప్యూటర్ మీద పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసి, ఆఫ్‌సెట్‌కి పంపేవాడు. 2002లో ఆ మేడగదినే కొంచెం పెంచి ఇంటర్నెట్ సెంటర్ కూడా తెరిచాడు. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ఫోను లైను, ఒక మోడెమ్, గోడకి గంటకింత అని రాసిన అట్టముక్క.

ఆ రోజుల్లో నెట్ సెంటర్ అంటే ఆడపిల్లలు అడుగుపెట్టే చోటు కాదని ఊళ్లో అభిప్రాయం. క్యాబిన్లకు తలుపులు, లోపల చీకటి. మామయ్య తన సెంటర్‌లో తలుపులూ తెరలూ పెట్టలేదు. ప్రతి కంప్యూటర్ తెరా గదిలోకి కనిపించేలా బల్లలు వేశాడు. ‘మా అమ్మాయి కూర్చోలేని చోట ఇంకెవరి అమ్మాయి మాత్రం ఎందుకు కూర్చోవాలి’ అనేవాడు. అలా బడి వదలగానే సంచీ అమ్మమ్మ చేతికిచ్చి, పాలు తాగి, ఆ మేడమెట్లు ఎక్కడం నాకు అలవాటైంది. మామయ్య నన్ను అమ్మడూ అని పిలిచేవాడు. మొదట నా పని రిజిస్టర్‌లో వచ్చినవాళ్ల పేరూ, వేళా రాయడం. తర్వాత ప్రింటర్‌కి కాగితాలు పెట్టడం. ఆ తర్వాత ఈమెయిల్ ఎలా తెరవాలో కొత్తవాళ్లకు చూపించడం.

ఆ కంప్యూటర్లలో ఎక్కువ వాటిలో విండోస్ 98 ఉండేది. జ్ఞాపకశక్తి (ర్యామ్) 64 మెగాబైట్లు. కరెంటు కోతలు రోజూ ఉండేవి. యూపీఎస్ కాసేపు మోసి చేతులెత్తేస్తే కంప్యూటర్లన్నీ ఒక్కసారి ఆరిపోయేవి. కరెంటు వచ్చాక ప్రతి తెరమీదా నీలిరంగు వెలిగి స్కాన్‌డిస్క్ మొదలయ్యేది. సరిగ్గా ఆపకుండా కట్టేశారు కాబట్టి డిస్కు తనిఖీ చేస్తున్నానని చెప్పేది. ఎనిమిది కంప్యూటర్లు అలా నీలంగా కూర్చుంటే, డబ్బులిచ్చి వచ్చినవాళ్లు వాచీలు చూసుకుంటూ నిలబడేవాళ్లు. నెలకోసారైనా ఏదో ఒక కంప్యూటర్ మొరాయించేది. సీడీల పౌచ్ పట్టుకుని ఒకాయన వచ్చేవాడు. కాసేపు చూసి, ‘ఫార్మాట్ కొట్టాలండీ’ అనేవాడు. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర మందు అదొక్కటే. ఎందుకు పాడైందని మామయ్య అడిగితే, ‘కరప్ట్ అయిందండీ’ అనే మాటే తప్ప వేరే జవాబు వచ్చేది కాదు. జవాబు చెప్పడానికి ఆయనకీ లోపల ఏముందో కనిపించేది కాదు కదా.

2003 ఆగస్టులో బ్లాస్టర్ పురుగు ప్రపంచమంతా పాకింది. విండోస్ 2000, ఎక్స్‌పీలలో ఉన్న ఒక లోపాన్ని పట్టుకుని, నెట్‌కి తగిలించిన కంప్యూటర్‌లోకి తనంతట తనే దూరేది. ఎవరూ ఏ ఫైలూ తెరవక్కర్లేదు. ఆ లోపానికి విరుగుడు జులైలోనే విడుదలైంది. కానీ డయలప్ లైను మీద గంటల తరబడి అప్‌డేట్లు దించుకునే స్థితిలో మనబోటి ఊళ్లలో ఎవరున్నారు? మా సెంటర్‌లో మోడెమ్ తగిలించిన కంప్యూటర్ ఎక్స్‌పీది. నెట్‌కి కలిసిన కొద్దిసేపటికే తెరమీద ఒక పెట్టె వచ్చి, 60 నుంచి వెనక్కి లెక్కపెట్టి, కంప్యూటర్‌ని ఆపేసి మళ్లీ మొదలుపెట్టేది. అది ఆగితే మిగతా ఏడూ ఆగినట్టే. విండోస్ 98 కంప్యూటర్లకు ఆ పురుగు సోకలేదు. కానీ దారి చూపేదే పడిపోతే వెనకాల నడిచేవాళ్లేం చేస్తారు? సెంటర్ మూతపడింది. మామయ్య కుర్చీలో వెనక్కి వాలి, తెరమీద తగ్గుతున్న అంకెలు చూస్తూ కూర్చున్న ఆ సాయంత్రం నాకు బాగా గుర్తు.

తాతయ్య మెల్లగా మెట్లెక్కి వచ్చాడు. ‘విప్పి చూశావురా?’ అని అడిగాడు. ట్రెడిల్ ఆగితే తాతయ్య చేసే మొదటి పని అదే. పక్కపలక విప్పి, చక్రం చేత్తో తిప్పి, ఎక్కడ బిగిసిందో చూసి, నూనె వేసేవాడు. ‘విప్పితే ఇనుమూ, తీగలూ కనిపిస్తాయి నాన్నా. దాన్ని ఆడించేదేదో మాత్రం కనపడదు’ అన్నాడు మామయ్య. ‘కనపడనిదాన్ని నమ్ముకుని కొట్టు ఎట్లా నడుపుతావురా’ అన్నాడు తాతయ్య. ఇరవై ఏళ్లు దాటింది. లైనక్స్ ఎందుకు అని నన్నెవరైనా అడిగినప్పుడు నాకు మొదట తోచేది ఆ మాటే.

మామయ్యను తొలిచే బాధ ఇంకొకటుండేది. ఆ కంప్యూటర్లలో ఉన్న సాఫ్ట్‌వేర్ చాలావరకు కొన్నది కాదు. ఆ కాలంలో చిన్న ఊళ్లలో అదే పద్ధతి. కంప్యూటర్ అమ్మినవాళ్లే అన్నీ ఎక్కించి ఇచ్చేవాళ్లు. అడిగేవాళ్లు లేరు. మామయ్య మాత్రం ‘మన ప్రెస్సులో అచ్చేసిన పుస్తకాన్ని ఎవడో దొంగచాటుగా అచ్చేసుకుంటే ఊరుకుంటామా? ఇదీ అంతేగా’ అనేవాడు. ఎనిమిది కంప్యూటర్లకూ అన్నీ కొనే స్తోమత లేదు. కొనకుండా వాడటం మనసొప్పదు. ఆ ఇరకాటంలో ఉండగా బాపట్లలో ఇంజినీరింగ్ చదువుతున్న అన్నయ్య ఒకతను, అమ్మమ్మ తరఫు చుట్టం, దసరా సెలవులకు వచ్చాడు. అతని సంచీలో, విండోస్‌కి బదులు వాడుకోగల రెడ్ హ్యాట్ లైనక్స్ 9 సీడీలు మూడున్నాయి. కాలేజీలో స్నేహితుల దగ్గర కాపీ చేసుకున్నవి. ‘ఇది దొంగసొత్తు కాదు మామయ్యా. కాపీ చేసి ఇవ్వమని దాని లైసెన్సే చెబుతుంది’ అన్నాడు. మామయ్య ఆ సీడీలను అటూ ఇటూ తిప్పి చూశాడు.

మూలన పడేసిన పాత పెంటియం టూ కంప్యూటర్ ఒకటుంది. దాన్ని దులిపి, నెట్‌వర్క్ కార్డు ఒకటి తగిలించారు. కంప్యూటర్ లోపల బిగించే చవక మోడెములు విండోస్ డ్రైవర్ లేనిదే పలకవు. అందుకని ఎవరో అమ్మేసుకుంటున్న బయటి మోడెమ్‌ని, సీరియల్ తీగతో కలిపేదాన్ని, కొన్నారు. ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టారు. సీడీ తర్వాత సీడీ పెట్టడం నా పని. అన్నయ్య ఏం చేస్తున్నాడో ఒక్కొక్కటే నాకు చెబుతూ చేశాడు. ఫోను కలిపి సర్వీసు వాళ్లతో మాట కలిపేది పీపీపీడీ. ఒక్క లైనునే అందరికీ పంచేదీ, బయటినుంచి పిలవకుండా వచ్చేవాటిని గుమ్మంలోనే ఆపేదీ ఐపీటేబుల్స్. ఒకరు చూసిన పేజీలను దాచిపెట్టి, అదే అడిగిన రెండోవాళ్లకు చేతికందించేది స్క్విడ్. మూడూ ఉచితం. మూడింటి అమరికలూ మామూలు అక్షరాల్లో రాసిన ఫైళ్లే. తెరిచి చదవొచ్చు, దిద్దొచ్చు. సాయంత్రానికి మోడెమ్ కీచుమని పాడింది. ఎనిమిది కంప్యూటర్లలోనూ పేజీలు తెరుచుకున్నాయి.

ఆ రోజునుంచి ఆ పెంటియం టూ కంప్యూటర్‌కి మానిటర్ కూడా అక్కర్లేకపోయింది. బల్లకింద పెట్టేశారు. ఏదైనా చూడాలంటే పక్క కంప్యూటర్‌లోంచే దానిలోకి ప్రవేశించేవాళ్లం. అన్నయ్య వెళ్లేముందు, జరిగినవన్నీ రాసిపెట్టే లాగ్ ఎలా చూడాలో నేర్పాడు. చూస్తే, 135వ పోర్టు మీద బయటినుంచి ఎవరెవరో తలుపు తడుతున్న గుర్తులు వరసగా పడుతున్నాయి. బ్లాస్టర్ దూరేది ఆ దారిలోనే. ఊరూపేరూ తెలియని కంప్యూటర్లు, పురుగు పట్టినవి, మా గుమ్మం తట్టి జవాబులేక వెళ్లిపోతున్నాయి. నెలన్నర కిందట మా కొట్టు మూయించింది ఏమిటో నా కళ్లతో నేను చూశాను. ఎనిమిదో తరగతి పిల్లకు అది ఎంత పెద్ద సంగతో మాటల్లో చెప్పలేను.

కరెంటు పోతే అదీ ఆరిపోయేది. కానీ దాని డిస్కుమీద ఉన్నది ఈఎక్స్‌టీ3 అనే ఫైల్ సిస్టమ్. చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుని, తర్వాత అసలు చోట రాస్తుంది. సగంలో ఆగిపోతే లేచాక చిట్టా చూసుకుని సరిచేసుకుంటుంది. డిస్కంతా గాలించే పని లేదు. పక్కన విండోస్ 98 కంప్యూటర్లు నీలంగా తనిఖీ చేసుకుంటుండగానే అది లేచి, ఫోను కలిపి, సిద్ధంగా ఉండేది.

ఫలితాల రోజులొచ్చేవి. పదో తరగతి, ఇంటర్, ఎంసెట్. ఆ రోజుల్లో ఫలితం చూడాలంటే నెట్ సెంటరే దిక్కు. మెట్లమీద బారు, బోస్ రోడ్డు మీద సైకిళ్ల బారు. పిల్లల చేతుల్లో హాల్ టిక్కెట్ నంబర్లు రాసిన చీటీలు, వెనకాల తల్లిదండ్రులు. 56 కేబీపీఎస్ మోడెమ్ ఎంత బాగా నడిచినా సెకనుకు ఏడు కిలోబైట్లు మించవు. దాన్నే ఎనిమిది మంది పంచుకోవాలి. స్క్విడ్ విలువ అప్పుడు తెలిసొచ్చింది. ఫలితాల సైటులోని బొమ్మలూ, హంగులూ మొదటి పిల్లవాడికోసం ఒకసారి దిగితే చాలు. తర్వాతి వందమందికీ అవి బల్లకింది డిస్కులోంచే వచ్చేవి. ఫోను లైనుమీద ప్రయాణించేది మార్కుల ముక్క ఒక్కటే. ‘మీ సెంటర్‌లో త్వరగా వస్తుందట కదా’ అంటూ మారిస్‌పేట నుంచీ, ఐతానగర్ నుంచీ జనం వచ్చేవాళ్లు. ఎవరి మార్కులు వాళ్లకి నేనే చదివి వినిపించేదాన్ని. పాసైన పిల్లలు నా చేతిలో చాక్లెట్లు పెట్టి వెళ్లేవాళ్లు.

నేను రూళ్ల పుస్తకం ఒకటి పెట్టుకున్నాను. ఎడమవైపు ఆజ్ఞ, కుడివైపు అది చేసే పని తెలుగులో. మొదటి పేజీలో ఎల్ఎస్, సీడీ, లెస్, గ్రెప్. తర్వాత మ్యాన్. దేని గురించైనా తెలియకపోతే మ్యాన్ అని కొట్టి దాని పేరు రాస్తే ఓ పొడుగాటి పాఠం తెరుచుకునేది. నా ఇంగ్లీషు ఆ పాఠాలతోనే బలపడింది. నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేదాన్ని. ఒక వేసవిలో అన్నయ్య వచ్చి లైనక్స్‌కి గుండెలాంటి కెర్నల్‌ని మా కంప్యూటర్‌కి సరిపడేలా తిరిగి తయారుచేయడం చూపించాడు. ఏయే భాగాలు కావాలో ఒక పట్టికలో ఎంచుకుని, రాత్రి పని మొదలుపెట్టి పడుకుంటే, తెల్లారేసరికి తెరమీద అక్షరాల వరసలు పోగై ఉండేవి. ఆ కెర్నల్ మూలపాఠంలో (సోర్స్ కోడ్‌లో) క్రెడిట్స్ అని ఒక ఫైలు ఉంది. ఎవరెవరు ఏ ముక్క రాశారో వాళ్ల పేర్లు అందులో ఉన్నాయి. దేశదేశాలవాళ్లు. తాతయ్యకి చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చదివాడు. ‘పనిచేసినవాళ్ల పేర్లు వేశారే. మంచివాళ్లు’ అన్నాడు.

లైనక్స్ పుట్టిన కథ నాకు ముక్కలుముక్కలుగా తెలిసింది. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర కంప్యూటర్ పత్రికలు దొరికేవి. మామయ్య కాగితాలు కొనడానికి వెళ్లినప్పుడల్లా నాకోసం కొన్ని తెచ్చేవాడు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడనీ, సాఫ్ట్‌వేర్‌ని వాడే, చదివే, మార్చే, పంచే స్వేచ్ఛ వాడుకరికి ఉండాలని పట్టుబట్టాడనీ వాటిలో చదివాను. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత కంప్యూటర్ కోసం ఒక కెర్నల్ రాయడం మొదలుపెట్టి, మరుసటి ఏడాది దాన్ని గ్నూ వాళ్ల జీపీఎల్ లైసెన్సు కింద విడుదల చేశాడు. ఆ లైసెన్సులో ఉన్న మెలిక గొప్పది. నువ్వు మార్చి ఇంకొకరికి ఇస్తే, నీకొచ్చిన హక్కులన్నీ వాళ్లకీ ఇవ్వాలి. ఒకరు గుప్పిట్లో పెట్టుకుని మూసేయడానికి వీల్లేదు. తెనాలిలో ఓ మేడగదిలో కూర్చున్న పిల్లకు ఆ మూలపాఠం చేరిందంటే ఆ మెలిక వల్లే.

బల్లకింది సర్వర్ సంగతి అలా తేలింది. జనం కూర్చునే కంప్యూటర్ల సంగతి తేలడానికి ఇంకో రెండు మూడేళ్లు పట్టింది. అప్పటికి పెన్‌డ్రైవ్‌లు వచ్చాయి. వాటితోపాటు పెన్‌డ్రైవ్ వైరస్‌లూ వచ్చాయి. న్యూ ఫోల్డర్ అనే పేరుతో ఫోల్డర్ బొమ్మ పెట్టుకుని ఒక ప్రోగ్రామ్ కూర్చునేది. ఫోల్డరే అనుకుని నొక్కితే చాలు, కంప్యూటర్‌కి అంటుకునేది. ఆటోరన్ ఫైలుంటే నొక్కే పని కూడా లేకుండా, పెన్‌డ్రైవ్ తెరవగానే పాకేది. ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటు తీసుకోవడానికి వచ్చిన డిగ్రీ పిల్లలు ఒక కాలేజీ జబ్బును ఇంకో కాలేజీకి మోసేవాళ్లు. లైనక్స్‌లో పెడితే ఆ న్యూ ఫోల్డర్ తన అసలు తోకతో (.exe) సహా ఫైలులా కనిపించేది. నొక్కినా నడిచేది కాదు, అది విండోస్ కోసం రాసింది కాబట్టి. దాన్నీ, ఆటోరన్‌నీ తుడిచేసి పిల్లలకు వాళ్ల ఫైళ్లు భద్రంగా ఇచ్చేవాళ్లం. పెన్‌డ్రైవ్ శుభ్రం చేయించుకోవడానికే మా సెంటర్‌కి వచ్చేవాళ్లు తయారయ్యారు.

ఆ రోజుల్లోనే ఉబుంటు అనే లైనక్స్ తయారుచేసేవాళ్లు అడిగినవాళ్లకు సీడీలు ఉచితంగా ఇంటికి పంపేవాళ్లు. పోస్టు ఖర్చు కూడా వాళ్లదే. నేను మా ప్రెస్సు చిరునామా ఇచ్చాను. వారాలు గడిచాక పోస్ట్‌మ్యాన్ ఓ అట్టకవరు తెచ్చిచ్చి, ‘ఫారిన్ నుంచి వచ్చిందమ్మా, ఏంటిది?’ అని అక్కడే నిలబడ్డాడు. విప్పితే చక్కగా అచ్చేసిన సీడీ కవర్లు, స్టిక్కర్లు. ఆ అచ్చు నాణ్యత చూసి తాతయ్య కాగితాన్ని వేళ్లతో తడిమాడు. 2006 జూన్‌లో ఉబుంటు 6.06 వచ్చింది. అదే ఏడాది జులై 11న విండోస్ 98కి మైక్రోసాఫ్ట్ మద్దతు పూర్తిగా ఆగిపోయింది. ఆ తర్వాత ఏ లోపం బయటపడినా విరుగుడు రాదు. మా పాత కంప్యూటర్లకు ఎక్స్‌పీ బరువు. మామయ్య నిర్ణయం తీసుకున్నాడు. ఉన్నవాటికి కాస్త జ్ఞాపకశక్తి పెంచి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో ఆరింటికి లైనక్స్ పెట్టించాడు.

మొదట్లో వచ్చినవాళ్లు ‘స్టార్ట్ బటనేదీ?’ అని అడిగేవాళ్లు. ఫైర్‌ఫాక్స్ ఎక్కడుందో చూపిస్తే సరిపోయేది. నెట్ సెంటర్‌కి వచ్చేవాళ్లకు కావలసింది మెయిలూ, ఫలితాలూ, రైలు టిక్కెట్టూ. అవి బ్రౌజర్‌లోనే ఉంటాయి. బయోడేటాలు ఓపెన్ ఆఫీస్‌లో చేసి, ప్రింటు తీసి, పీడీఎఫ్ చేసి మెయిల్ చేసేవాళ్లం. ‘ఫార్మాట్ కొట్టాలండీ’ అనే మాట ఆ మేడమీద వినపడటం మానేసింది.

రెండు కంప్యూటర్లలో మాత్రం మామయ్య విండోస్‌ని, డబ్బు కట్టి కొన్నదాన్ని, ఉంచాడు. ఒకటి కంపోజింగ్ చేసే డీటీపీది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు లేకుండా శుభలేఖ చేయలేం. అవి లైనక్స్‌లో నడవవు. రెండోది అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్లకోసం. యాహూ మెసెంజర్‌లో అక్షరాల కబుర్లయితే గేమ్ అనే ప్రోగ్రామ్‌తో లైనక్స్‌లోనూ కుదిరేవి. కానీ మనవడి గొంతు వినాలన్నా, వెబ్‌కామ్‌లో మొహం చూడాలన్నా విండోసే కావాలి. ‘పని ఏది అడిగితే అది పెట్టాలి అమ్మడూ. మన పంతం కోసం ఆ ముసలమ్మని ఉసూరుమనిపించకూడదు’ అన్నాడు. ఏ పనికి ఏది అని తూచే పద్ధతి నాకు ఆయన నేర్పిందే. సర్వర్ గదిలో పట్టుబట్టి లైనక్స్ అంటాను. ఎదుటివాళ్ల బల్లమీదికి వచ్చేసరికి ముందు వాళ్ల పనేమిటో అడుగుతాను.

ఆ డీటీపీ కంప్యూటర్ దగ్గర ఇంకో పాఠం ఉంది. అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. ఏళ్ల తరబడి కొట్టిన కథలూ, కవితా సంపుటాలూ, ఊరి చరిత్రలూ ఆ ఒక్క సాఫ్ట్‌వేర్ లోపల తాళం వేసి ఉన్నట్టే. యూనికోడ్‌లో అయితే ప్రతి తెలుగు అక్షరానికీ లోకమంతా ఒప్పుకున్న సంఖ్య ఉంటుంది. తెలుగుకి అందులో చోటు దొరికింది 1991లో, మొదటి కూర్పులోనే. లైనక్స్ పుట్టిన ఏడూ అదే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు ఎక్కించి, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకుని, ఇంటర్ సెలవుల్లో తెలుగు వికీపీడియాలో మా ఊరి పేజీ చదివాను. 2003 డిసెంబరులో మొదలైన ఆ వికీపీడియాని నడిపే సర్వర్లలోనూ లైనక్సే. మెనూలను కూడా తెలుగులోకి తేవడానికి హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థవాళ్లూ, ఇంకా ఎందరో పనిచేశారు. ఎవరి అనుమతీ అడగకుండా మన భాషను మనమే అందులోకి ఎక్కించుకోగలిగాం. అమ్ముడుపోయే లెక్కలు చూసుకుని ఎవరో తెలుగు ఇచ్చేదాకా ఆగనక్కర్లేకపోయింది.

ఆ మేడగది ఇప్పుడు లేదు. ఫోన్లలోకి నెట్ వచ్చాక నెట్ సెంటర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మాదీ అంతే. తాతయ్య పోయాక ట్రెడిల్‌ని పాత ఇనుముకి వేయడానికి మామయ్యకు చేతులు రాలేదు. ఇంటి వసారాలో పెట్టించాడు. నేను హైదరాబాద్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాను. నా చేతికింద ఉన్నవన్నీ లైనక్స్‌వే. లాగ్ చదవడం, తప్పు ఎక్కడుందో వెతకడం, ఫైలు తెరిచి దిద్దడం, ఇవన్నీ బోస్ రోడ్డు మేడమీద నేర్చినవే. కాలేజీ నాకు వీటికి పేర్లు చెప్పింది.

లోకం ఎటు నడిచిందో ఇప్పుడు అందరికీ కనిపిస్తూనే ఉంది. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు నుంచీ అన్నీ లైనక్స్‌వే. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ లైనక్స్ కెర్నలే. 2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లైనక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. 2014లో అదే పదవికి వచ్చిన మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల, లైనక్స్ అంటే మైక్రోసాఫ్ట్‌కి ప్రేమ అని బహిరంగంగా చెప్పారు. ఇవాళ విండోస్ లోపలే లైనక్స్‌ని నడుపుకునే ఏర్పాటు ఆ సంస్థే ఇస్తోంది. సర్వర్ల విషయంలో వాదన ముగిసింది. మిగిలింది మన ఇళ్లలో, మన బడుల్లో బల్లమీదుండే కంప్యూటర్ సంగతి.

దానికి సరైన సమయం ఇదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 చిప్పు, కొత్త ప్రాసెసర్ కావాలి. బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో ఆ షరతు దగ్గరే ఆగిపోయాయి. 2006లో మామయ్య ముందు నిలబడ్డ ప్రశ్నే ఇప్పుడు మీ ముందు ఉంది. ఆ కంప్యూటర్‌ని పాత సామాను వాళ్లకి వేయకండి. లైనక్స్ మింట్, ఉబుంటు, డెబియన్, ఏదైనా ఒకదాన్ని పెన్‌డ్రైవ్‌లోకి దించి, కంప్యూటర్‌లో ఎక్కించకుండానే నడిపి చూడండి. మీ ప్రింటరూ, వైఫై పనిచేస్తున్నాయో లేదో అప్పుడే తెలిసిపోతుంది. మీ రోజువారీ పని బ్రౌజర్‌లోనూ, లిబ్రె ఆఫీస్‌లోనూ అయిపోతుంటే ఎక్కించేయండి. విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ మీద మీ జీవనం ఆధారపడి ఉంటే, దానికొక కంప్యూటర్ ఉంచుకోండి. మిగతావి మార్చండి. ఎక్కువైనదాన్ని మీ ఊరి బడికివ్వండి. పదేళ్లు దాటిన పిల్ల ఎవరైనా ఇంట్లో ఉంటే లైనక్స్ ఎక్కించిన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఒక రూళ్ల పుస్తకం చేతికివ్వండి. పాడుచేస్తుందేమోనని భయపడకండి. విప్పి చూడనివ్వండి.